ఏడో గూడు

డిష్ తిరగడం మొదలుపెట్టిందని కుప్పం నుంచి భరత్ చెప్పగానే నిఖత్ హెడ్‌ఫోన్ సర్దుకుని కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. మదనపల్లె కాలేజీ పై అంతస్తులో ఉన్న ఆ కంట్రోల్ రూముకి సాయంత్రం ఎండ నేరుగా తగులుతుంది. కిటికీ అద్దాలకు పాత న్యూస్ పేపర్లు అంటించారు గానీ, వాటి సందుల్లోంచి దూరిన వెలుతురు సరిగ్గా స్క్రీన్ మీదే పడుతుంది. ఎడమ చెయ్యి స్క్రీన్‌కి అడ్డం పెట్టి కుడి చేత్తోనే కీబోర్డు కొట్టడం ఆమెకు అలవాటైపోయింది. పొద్దున పుంగనూరులో మొదటి బస్సెక్కిన మనిషి. పొద్దుటి పాసూ ఆమే చూసుకుంది. సాయంత్రం పాస్ చూసే మనిషి సెలవులో ఉండబట్టి అదీ ఆమె మీదే పడింది.

‘ఉరుము’ అని విద్యార్థులు పేరు పెట్టుకున్న ఆ చిన్న ఉపగ్రహం రోజూ పొద్దునా సాయంత్రమూ ఈ పక్క మీదుగా పోతుంది. అలా పోయే ఒక్కో విడతనీ పాస్ అంటారు. ఉరిమే మేఘాల నెత్తిన పుట్టి పైకి ఎగిసే గామా కిరణాలను పట్టి లెక్క పెట్టడం దాని పని. పట్టిందంతా తనలోనే దాచుకుంటుంది. ఆ దాచుకునే చోటుని ఎనిమిది భాగాలు చేశారు. కాగితాల్లో వాటిని సెక్టార్లు అని రాస్తారు. ఇక్కడ పనిచేసేవాళ్ళు గూళ్ళు అంటారు. ఒక్కో గూట్లోని సరుకు కుప్పంలో ఉన్న పెద్ద డిష్‌కి దిగుతుంది. మొత్తం దిగిందని కుప్పం చెప్పాక, ఆ గూడు ఖాళీ చెయ్యమని మదనపల్లె నుంచి ఆదేశం పోతుంది. ఖాళీ చెయ్యకపోతే కొత్త సరుకుకి చోటుండదు. దిగకముందే ఖాళీ చేస్తే ఉన్నదీ పోతుంది. దించుకునే కుర్చీ భరత్‌ది. ఆదేశం పంపే కుర్చీ నిఖత్‌ది.

ఫోన్‌లో ఏ మాట ఎలా అనాలో కూడా రాసి పెట్టారు. ‘సెక్టార్ ఫైవ్ రిసీవ్డ్’ అని అక్కడినుంచి రావాలి. అదే మాట ఇక్కడినుంచి తిరిగి పలకాలి. అవునని వాళ్ళు అన్నాకే ఆదేశం పోవాలి. మొదట్లో ఇద్దరూ పరీక్షలో అప్పజెప్పినట్టు అలాగే మాట్లాడారు. భరత్‌ది బి.కొత్తకోట పక్కన చెనక్కాయలు పండించే ఊరు. నిఖత్‌ది పుంగనూరు. రోజులు గడిచేకొద్దీ ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ రాలిపోయి, వాటి చోట్లోకి సొంత మాటలు వచ్చి కూర్చున్నాయి. ‘అయిదు వచ్చిండాది’ అంటే వచ్చిందనే. ‘ఊ’ అంటే తిరిగి పలికినట్టే. పని ఆగలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం కుప్పంలో మబ్బు కమ్మి ఈదురుగాలి లేచింది. అయిదో గూడు సక్రమంగానే దిగింది. ఆరు దిగేటప్పుడు సిగ్నల్ పడుతూ లేస్తూ వచ్చింది. ఎలాగో పూర్తయింది. నిఖత్ ఆరుని ఖాళీ చేసింది. ఉపగ్రహం ఏడో గూటికి వచ్చినట్టు ఆమె స్క్రీన్ మీద అంకె మారింది. మొన్న తూర్పు కోస్తా మీద లేచిన పెద్ద ఉరుముల వాన సరుకంతా ఆ గూట్లోనే ఉంది. ఉపగ్రహం దిగంతానికి చేరడానికి ఇంక ఎంతోసేపు లేదు. సిగ్నల్ గీత చివర వంగుతోంది. నిఖత్ ఆ గీతని చూస్తూ, ఏడు దిగితే చాలు, ఎనిమిది పొద్దునకైనా ఫర్వాలేదు అనుకుంటోంది.

హెడ్‌ఫోన్‌లో గరగరమంటూ భరత్ గొంతు వినిపించింది. ఏడు ఉంది, నా చేతికి వచ్చేసింది, అని ఆమె చెవి విన్నది. యేడుండాది.

“ఊ” అంది నిఖత్.

ఖాళీ చేసే ఆదేశం రెండు మెట్లుగా పోతుంది. మొదటిది సిద్ధం కమ్మని. ఉపగ్రహం అర్థమైందని చెప్పడానికి గూడు నంబరు తిరిగి పంపుతుంది. స్క్రీన్ మీద ఏడు కనిపించింది. ఆమె అనుకున్నదీ ఏడే. రెండో మెట్టు నొక్కింది.

కాసేపటికి భరత్ మళ్ళీ మాట్లాడాడు. “ఏమ్మా, యాడుండాది అని అడిగితే ఊ అంటావే? ఏ గూట్లో ఉండాదో చెప్పు. నాకు సిగ్నల్ వస్తాంది గానీ లోపల సరుకు ఏమీ లేదే.”

భరత్ రెండుసార్లు ఆమె పేరు పెట్టి పిలిచాడు. అంతలో ఉపగ్రహం దిగంతం కిందికి పోయింది. సిగ్నల్ గీత తిన్నగా పడుకుంది.

*

ఖాళీ చెయ్యడమంటే తుడిచెయ్యడం కాదు. గూటి తలుపు మీది చిరునామా చించేయడం లాంటిది. సరుకు లోపలే ఉంటుంది, కొత్త సరుకు వచ్చి దాని మీద కూర్చునేదాకా. అందుకే మర్నాడు పొద్దుటి పాస్‌లో చెయ్యాల్సిన మొదటి పని ఏడో గూటికి తాళం వెయ్యడమని ఈ పనంతటికీ ఇన్‌ఛార్జి అయిన ప్రొఫెసర్ వీణ మేడమ్ రాత్రే ఫోన్ చేసి చెప్పారు. అయితే ఆ రాత్రంతా ఉపగ్రహం సముద్రాల మీద తిరిగింది. ఎక్కడెక్కడో ఉరుములు ఉరిమాయి. ముందుగా ఖాళీ అయిన అయిదూ ఆరూ గూళ్ళు నిండగానే ఏడోదానిలో నింపుకోవడం మొదలుపెట్టింది.

పొద్దున తాళం వేశారు. మిగిలిన ముక్కలను చిరునామా లేకుండానే దించారు. కొత్తవీ పాతవీ కలిసిపోయి వచ్చాయి. ఏ ముక్క ఏ క్షణంలో పుట్టిందో చెప్పే గుర్తులు సగానికి పైగా పోయాయి. ఆ వాన మీద పరిశోధన చేస్తున్న రేఖ వెనక నిలబడి అంతా చూసింది. ఏడాదిగా అలాంటి వాన కోసమే కాచుకుని ఉంది. కిందికి వెళ్ళి రెండు టీలు తెచ్చి, ఒకటి నిఖత్ ముందు పెట్టి, రెండోది తను తాగుతూ స్క్రీన్ చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదని నిఖత్‌కి అనిపించింది.

మధ్యాహ్నం వీణ మేడమ్ ఆమెను తన గదికి పిలిచారు. మేడమ్‌ది కోస్తా. చాలా ఏళ్ళుగా మదనపల్లెలోనే ఉంటున్నా మాటలో ఆ పక్క సాగు పోలేదు. మనిషి మంచిది. నిఖత్‌ని ఈ పనిలోకి తీసుకున్నదీ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడినా పట్టించుకోకుండా మార్కులు వేసిందీ ఆవిడే. కూర్చోమని, ఫ్యాన్ పెంచి, నెమ్మదిగా విషయం చెప్పారు. సోమవారం కుప్పంలో సమీక్ష ఉంది. బయటినుంచి ముగ్గురు వస్తున్నారు. ఈ నెలాఖరుకి నిఖత్ ఉద్యోగం గడువు ముగుస్తుంది. పొడిగించాలా వద్దా అన్నది ఆ ముగ్గురి రిపోర్టుని బట్టే. అజాగ్రత్త అని రాశారంటే పొడిగించడం ఎవరి వల్లా కాదు.

“ఇంట్లో ఉర్దూనే కదమ్మా మాట్లాడేది?” అన్నారు మేడమ్.

“అవును మేడమ్.”

“మరి ఇంకేం. భరత్ తెలుగులో అడిగాడు. నీకు సరిగ్గా అర్థం కాలేదు. నీ భాష కాదు కాబట్టి. అలా చెప్తే అది ఎవరి తప్పూ కాదు. ఆ ఒక్క మాట నువ్వే నీ నోటితో చెప్పాలి.”

నిఖత్ మేడమ్ వెనకనున్న గోడ వైపు చూసింది. పోయిన ఏడాది సైన్స్ దినానికి అతికించిన చార్టు ఇంకా అక్కడే ఉంది. ఉరుము ఎలా పుడుతుందో తెలుగులో రాసిన చార్టు. అందరికంటే అక్షరం గుండ్రంగా వస్తుందని మేడమే ఆమె చేత రాయించారు. పుంగనూరు గవర్నమెంటు బడిలో పదో తరగతి దాకా ఆమె చదివింది తెలుగు మీడియమే. ఛందస్సులో గణాలు విడగొట్టడానికి పక్క బెంచీ వాళ్ళు ఆమె నోట్సు లాక్కునేవాళ్ళు.

మేడమ్‌కి అదంతా తెలియదని కాదు. ఇప్పుడు గుర్తు చేసుకోదలచలేదు. నిఖత్ కూడా గుర్తు చెయ్యలేదు. ఆలోచించుకుంటానని మాత్రం చెప్పి లేచింది. సమీక్ష మొత్తం ఇంగ్లీషులో జరుగుతుందని మెట్లు దిగుతుంటే తట్టింది. తెలుగు రాదని ఇంగ్లీషులో చెప్పాలి. ముందుగా రాసుకుని బట్టీ పట్టాలి. తలుచుకుంటే నవ్వు రావలసిన సంగతే. రాలేదు.

*

పుంగనూరు బస్సులో టమేటా మండీ నుంచి తిరిగి పోయే రైతులు ఖాళీ క్రేట్లు నడి దారిలో పేర్చారు. నిఖత్ వాటిని దాటుకుని వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టలేదు. యాడుండాది, యేడుండాది అని రెండు మాటలూ బస్సు కుదుపుకి ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. ఎన్నిసార్లు తిరిగినా మధ్యలో ఉన్న తేడా ఒక్క అచ్చు.

వాళ్ళ నాయన అబ్దుల్ గఫార్‌ది బజారు వీధిలో రేకు పెట్టెల అంగడి. ఆమె వెళ్ళేటప్పటికి సదుం నుంచి వచ్చిన కదిరప్ప విత్తనాలు దాచుకునే పెట్టె బేరం చేస్తున్నాడు. పెట్టెని తిరగేసి, బోర్లేసి, లోపలికి తల దూర్చి చూసి, ఎలుక దూరుతుందేమోనని అనుమానం చెప్పాడు. ఎలుక దూరిందంటే నా దగ్గరికి పట్టుకురా, దానికీ ఒక చిన్న పెట్టె చేసిస్తానని గఫార్ అన్నాడు. కదిరప్ప నవ్వాడు గానీ రేటు మాత్రం వదల్లేదు. ఇద్దరూ ఒకరి పెళ్ళిళ్ళకొకరు పోయే మనుషులు. బేరం వాళ్ళకి పనికంటే పలకరింపు. కదిరప్ప పెట్టె నెత్తిన పెట్టుకుని పోతూ నిఖత్‌ని చూసి, “ఏమ్మా, మీ శాటిలైటు మా చెరువుకి వాన ఎప్పుడని చెప్పలేదా?” అని అడిగాడు. ఆమె ఎప్పటిలాగే అది వాన చెప్పేది కాదన్నా అంది. వాన చెప్పనిది పైన యాల తిరగతాంది మరి అని గొణుక్కుంటూ ఆయన బస్టాండు వైపు నడిచాడు.

అంగడి మూసేవేళకి నిఖత్ జరిగింది చెప్పింది. ఇంటి మాటలోనే చెప్పింది. గఫార్ సుత్తి కింద పెట్టకుండా ఒక మూత అంచు మడుస్తూనే విన్నాడు. అంచు పొడుగునా ఒకే దూరంలో దెబ్బలు పడ్డాయి. ఉద్యోగం పోతుందా అని ఒక్కటే అడిగాడు. ఆ మాట చెప్పకపోతే పోవచ్చు అంది.

“అయితే చెప్పేయ్” అన్నాడు. “మనకు రాదని చెప్పుకోవడం కొత్తా బేటీ? బ్యాంకులో ఇంగ్లీషు రాదంటాం. మసీదులో హజ్రత్ అడిగితే అరబ్బీ రాదంటాం. హైదరాబాదు పోతే మనది అసలు ఉర్దూనే కాదని నవ్వుతారు. తెలుగొక్కటి మిగిలింది. అదీ రాదని చెప్పేస్తే లెక్క సరిపోతుంది.”

తమాషాకే అన్నాడు. ఆ రోజు కూతురు నవ్వితే చూడాలని అన్నాడు. నిఖత్ నవ్వింది కూడా. తర్వాత షట్టరు దించి తాళం వేస్తుంటే ఆయన, అయినా ఆ మేడమ్ మంచిదేలే, నీ కోసమే కదా చెప్తోంది అన్నాడు. అవునంది. అది నిజమే కాబట్టి కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు ఎవరూ దొరకలేదు.

ఆదివారం భరత్ ఫోన్ చేశాడు. చాలాసేపు వేరే సంగతులు మాట్లాడాడు. డిష్ మోటారు శబ్దం చేస్తోందట, కుప్పంలో కరెంటు పోతోందట. చివరికి అసలు దాంట్లోకి వచ్చాడు. ఇంగ్లీషులో అడగాల్సింది తను అలా అడిగాడు. భాష వల్ల జరిగిందంటే ఆ సంగతి ఎవరూ తవ్వరు. కాదంటే ముందు తవ్వేది అదే. వాళ్ళింట్లో నెలజీతం తెచ్చేది తనొక్కడే.

“నేను బతిమాలాల్నా నిఖత్? ఆ ఒక్క మాట చెప్పేయమ్మా” అన్నాడు.

సరేనంది. ఫోన్ పెట్టేశాక పాత నోట్సు వెనక పేజీలో ఇంగ్లీషు వాక్యం రాసుకుంది. తెలుగు నా మాతృభాష కాదు, అందువల్ల నాకు సరిగ్గా అర్థం కాలేదు. వ్యాకరణం సరిచూసుకుంది. తప్పు లేదు. నాలుగైదుసార్లు పైకి చదివింది. అన్నం తినేటప్పుడు కూడా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

*

సోమవారం పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఎండ ముదిరింది. స్టేషన్ ఊరి బయట గుట్ట వాలులో ఉంటుంది. రెండు గదుల కట్టడం, దాని వెనక దిమ్మె మీద డిష్. గేటు దగ్గరే దొరస్వామి కనిపించాడు. డిష్‌కి గ్రీసు పెట్టేదీ, బోల్టులు బిగించేదీ, కాంక్రీటు పోసిన రోజునుంచీ దాని వెంట ఉన్నదీ ఆయనే. ఆయన ఊరు తమిళనాడు సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. ఇంట్లో అరవం. బయట ఏది ఎదురైతే అది. నిఖత్ ముఖం చూసి ముందు నీళ్ళ సీసా ఇచ్చాడు. భరత్ లోపల కుర్చీలు సర్దుతున్నాడు. ఆమె వైపు చూసి తలూపాడు. దానికి ఆమె కూడా తలూపింది.

వీణ మేడమ్ లాప్‌టాప్ తెరిచి తను తయారు చేసింది చూపించారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకముందు ఏం చేస్తాం. చివరిది లేకుండా ఏ రిపోర్టూ పూర్తి కాదని ఆవిడ చెప్పారు. ఆ చివరి పేజీలో ఒకే వాక్యం ఉంది. నిఖత్ రెండుసార్లు చదివింది. ఇకమీదట స్టేషన్ల మధ్య మాట్లాడే పనికి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళను మాత్రమే తీసుకోవడం, పొడిగించడం.

“నీకు ఇది వర్తించదమ్మా” అన్నారు మేడమ్ ఆమె చూపు గమనించి. “నువ్వు ముందునుంచీ ఉన్నావని ప్రత్యేకంగా అడుగుతాను.”

మరి దొరస్వామన్న పరిస్థితి ఏమిటని నిఖత్ అడిగింది. గాలి ఎక్కువైనా, డిష్ ఇరుక్కున్నా మదనపల్లెకి ఫోన్ చేసి చెప్పేది ఆయనే. ఆయన గడువు కూడా ఏటేటా పొడిగించేదే. ఆయన గురించి ఆలోచించలేదని మేడమ్ ముఖమే చెప్పింది. తర్వాత చూద్దాం, వాళ్ళు వచ్చేస్తున్నారు, అని లాప్‌టాప్ మూశారు. దొరస్వామి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. చేతిలోని గుడ్డతో గ్రీసు తుడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడుచుకోవడం కిటికీలోంచి కనిపించింది.

వచ్చిన ముగ్గురిలో పెద్దాయన బెంగళూరు మనిషి. తెల్ల చొక్కా, మెడలో కళ్ళద్దాల తాడు. నిదానంగా, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతాడు. మేడమ్ చెప్పిందంతా విని, నిఖత్ వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. మీకు ఆ మాట అర్థం కాలేదా?

బట్టీ పట్టిన వాక్యం నోటిదాకా వచ్చింది. భరత్ నేల వైపు చూస్తున్నాడు. మేడమ్ చిన్నగా తల పంకించారు, చెప్పు అన్నట్టు.

“అర్థమయింది సర్” అంది నిఖత్ ఇంగ్లీషులో. ఆ తర్వాతి మాటకు ఇంగ్లీషు దొరకలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది. పెద్దాయన చెయ్యెత్తి, తెలుగులో చెప్పండి, మేడమ్ మాకు చెప్తారు అన్నాడు.

అప్పుడామె వీణ మేడమ్ వైపు చూడకుండా, బల్ల అంచు చూస్తూ చెప్పింది. ఒక్కో ముక్క చెప్పి, మేడమ్ ఇంగ్లీషు చేసేదాకా ఆగి, మళ్ళీ చెప్పింది.

“సార్, యాడుండాది అంటే ఎక్కడుంది అని. యేడుండాది అంటే ఏడు ఉంది అని. మా పక్క ఇట్లే మాట్లాడతాం. భరత్ మొదటిది అడిగినాడు, నేను రెండోది విన్నాను. మేడమ్ అయితే ఎక్కడుంది అని అడిగుంటారు. అప్పుడు నాకు ఏడు అని వినిపించేదే కాదు. ఈ తెలుగు రానోళ్ళు నా కుర్చీలో ఉండుంటే, అర్థం కాక మళ్ళా అడిగుంటారు. నాకు అర్థమయిపోయిందనుకుంటి. అందుకే అడగలేదు. రాక చేసిన తప్పు కాదు సార్ ఇది. వచ్చు కాబట్టి చేసింది.”

ఆ చివరి రెండు వాక్యాలూ వీణ మేడమ్ మెత్తగా మార్చి చెప్పినా, వదిలేసినా, ఆ ముగ్గురికీ తెలిసేది కాదు. నిఖత్ కాచుకుంది. మేడమ్ ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పారు. యాడ అన్న మాటని తనే రెండుసార్లు పలికి చూపించారు. ఆవిడ నోట అది కొంచెం వంకరగా వచ్చింది.

పెద్దాయన ఆ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ వేరేవి. మాట తిరిగి పలకాలన్న నియమం ఎప్పటినుంచి పోయింది? భరత్ చెప్పాడు, తల దించుకుని. పోయినట్టు ఎవరూ గమనించలేదా? దానికి మేడమే జవాబు చెప్పారు. తను గమనించాననీ, పని నడుస్తోంది కదా అని ఊరుకున్నాననీ. పొద్దుటి పాస్ చూసిన మనిషినే సాయంత్రం కూడా ఎందుకు కూర్చోబెట్టారు అని కూడా అడిగి, రాసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఫలితం చదివారు. నిఖత్ తిరిగి అడగకుండా ఆదేశం పంపింది, అజాగ్రత్త. భరత్ నిర్ణయించిన మాటలు వాడలేదు, అజాగ్రత్త. ఇన్‌ఛార్జి సరిదిద్దలేదు. మళ్ళీ శిక్షణ పొంది పరీక్ష పాసయ్యేదాకా నిఖత్ ఆదేశాల కుర్చీలో కూర్చోకూడదు. ఆమె గడువు పొడిగింపుని ఈ కమిటీ సిఫారసు చెయ్యడం లేదు, పరీక్ష తర్వాత కాలేజీ చూసుకోవచ్చు. ఏ మాటైనా, ఎవరు ఎవరితో అన్నా, విన్నవాళ్ళు తిరిగి పలకాలి. చివరి పేజీలోని వాక్యం కొట్టేశారు.

నెలాఖరు ఎంతో దూరం లేదు. పరీక్ష ఈలోగా పెడతారో లేదో ఎవరూ చెప్పలేదు. బయట కారు దగ్గర మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, నిన్ను గట్టెక్కించాలనుకున్నాను అన్నారు. తెలుసు మేడమ్ అంది నిఖత్. కారు వెళ్ళిపోయింది. భరత్ లోపలే ఉన్నాడు. ఆమె లోపలికి పోలేదు. అతని పేరు పక్కన ‘అజాగ్రత్త’ అని రాయించింది తనే.

బస్సుకి ఇంకా చాలా పొద్దుంది. సాయంత్రం పాస్ మొదలవుతోంది. మదనపల్లెలో ఆ కుర్చీలో రేఖ కూర్చుందని, మాట్లాడేది భరత్‌తోనని లోపలినుంచి వస్తున్న గొంతుల్ని బట్టి తెలుస్తోంది. ప్రతి మాటా రెండేసిసార్లు వినిపిస్తోంది. పని బాగా నెమ్మదించింది. నిఖత్ అరుగు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాళ్ళు లాగుతున్నాయి. ఇంటికి పోయి నాయనకి ఏం చెప్పాలో ఆలోచించడానికి కూడా ఓపిక లేదు.

గాలి లేచింది. దొరస్వామి నిచ్చెనెక్కి డిష్ కింది మెట్టు మీద నిలబడి, పైనించే ఆమెను పిలిచాడు. గాలి హెచ్చితే డిష్‌ని పడుకోబెట్టాలి. గాలి మీటరు పక్క గదిలో, కిటికీలోంచి కనిపించేచోట ఉంది.

“సుమ్మా, ఊరికే కూసోనుండావు గదమ్మా. ఆ ముల్లు ఎంత చూపిస్తాందో చూసి చెప్పు” అన్నాడు.

ఆ ముల్లు చదవడం ఆదేశం పంపడం కిందికి వస్తుందా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. రాదు. లేచి సంచీ అరుగు మీదే వదిలి, కిటికీ దగ్గర నిలబడింది. గాలికి చున్నీ ముఖం మీద కొట్టుకుంటోంది. దాన్ని మెడకి చుట్టి ముడేసుకుని, కేకేసి చెప్పింది.

“పదకొండు.”

పైన గాలి హోరు. దొరస్వామి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి వంగాడు.

“పదినొన్నా?” అన్నాడు అరవంలో.

“అవునన్నా” అంది నిఖత్. “పదకొండే.”

ఆయన తలూపి, పానా అందుకుని, డిష్ వైపు తిరిగాడు. ఆమె ముల్లు మీదినుంచి కళ్ళు తియ్యలేదు.